తక్కువ ఖర్చులో గట్టి అక్వేరియం స్టాండు: ఏ నమూనా, ఏ చెక్క, డబ్బు ఎక్కడ పెట్టాలి

మూడడుగుల అక్వేరియం కొన్నాక చేతిలో మిగిలిన కాస్త డబ్బుతో దానికి స్టాండు కూడా చేసుకోవాలంటే చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. బరువుకు భయపడి దూలాల్లాంటి కర్ర కొంటారు. లేదంటే ఇంట్లో పాత టేబుల్ ఉంది కదా అని దాని మీదే పెట్టేస్తారు. మొదటిదాంట్లో డబ్బు పోతుంది, రెండోదాంట్లో తొట్టి పోతుంది. స్టాండు అసలు దేనివల్ల కూలుతుందో తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి. ఎంత ఖర్చు పెట్టాలన్నది కాదు, ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు బరువు చూద్దాం. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. 90×45×45 తొట్టి అంటే 182 లీటర్లు. 8 మి.మీ. అద్దంతో చేస్తే ఖాళీ తొట్టే సుమారు 32 కిలోలు ఉంటుంది. అడుగున 5 సెం.మీ. మందాన గులకరాళ్లు పరిస్తే ఇంకో 30 కిలోలు. రాళ్లు ఆక్రమించిన చోట నీళ్లు తగ్గుతాయి, అంచు దాకా ఎవరూ నింపరు కూడా. అయినా ఫిల్టరు, మూత, లైటు, అలంకరణ రాళ్లు కలిపి 250 కిలోలు అనుకుని స్టాండు చేయడం మంచిది. 60×30×36 కొలతల రెండడుగుల తొట్టి అన్నీ కలిపినా వంద కిలోల లోపే ఉంటుంది. 120×45×50 కొలతల నాలుగడుగులదైతే 400 కిలోలు అనుకోవాలి.

250 కిలోలంటే భయం వేస్తుంది. కానీ నాలుగు కాళ్ల మీద పంచితే ఒక్కో కాలికి 60, 65 కిలోలే. 45 మి.మీ. చదరపు పైన్ కర్ర, 70 సెం.మీ. పొడవుది, నిటారుగా నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగి విరగడానికి లెక్క ప్రకారం టన్నుల బరువు కావాలి. నిలువుగా మోయడంలో కర్రకు ఉన్న సత్తా అది. అందుకే లావుపాటి కాళ్ల మీద డబ్బు పోయడం అనవసరం. స్టాండును కూల్చేవి వేరే మూడు ఉన్నాయి: పక్కకు ఒరగడం, పైచట్రం కుంగడం, తేమ.

ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒరగడం. వెనక పలక గానీ ఏటవాలు పట్టీ గానీ లేని నాలుగు కాళ్ల టేబుల్ ఒకటి తీసుకుని, పై మూల మీద అరచేయి పెట్టి పొడవు వైపు నెట్టి చూడండి. చూపు కాలు, అడ్డకర్ర కలిసే చోట ఉంచండి. నెట్టినప్పుడల్లా అక్కడ వెంట్రుకవాసి సందు తెరుచుకుని మూసుకుంటుంది. ఖాళీ టేబుల్‌కు అది పెద్ద లోపం కాదు. దాని మీద 250 కిలోల నీళ్లు ఉంటే మాత్రం, ఎవరైనా తగిలిన ప్రతిసారీ, నీళ్లు కదిలిన ప్రతిసారీ ఆ సందు పెరుగుతూ పోతుంది. భోజనాల బల్ల మీద నలుగురు ఎక్కి నిలబడ్డా ఏమీ కాలేదు కాబట్టి అక్వేరియం కూడా ఆగుతుందన్న వాదన ఇందుకే నిలవదు. మనుషులు ఎక్కి దిగిపోతారు, తొట్టి ఏళ్ల తరబడి దిగదు.

ఇక నమూనాలకు వద్దాం. తక్కువ ఖర్చులో ఇంట్లో చేసుకోదగ్గవి నాలుగున్నాయి.

కర్ర చట్రం

పైన ఒక దీర్ఘచతురస్రం, కింద ఒకటి, మధ్యలో నాలుగు కాళ్లు. ఒక రంపం, ఒక డ్రిల్లు, ఒక మూలమట్టం ఉంటే చేసేయొచ్చు. వడ్రంగం రానివాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే, ఎందుకంటే కోతలో రెండు మి.మీ. తేడా వచ్చినా సర్దుకునే వీలుంది. 2×4 అంగుళాల కర్రతో మూడడుగుల స్టాండుకు రెండు చట్రాలకూ కాళ్లకూ కలిపి 8 మీటర్ల చిల్లర పడుతుంది. దానికి తోడు, ఒరగకుండా వెనక వేయడానికి పలుచటి ప్లై ముక్క ఒకటి.

ఈ నమూనా మంచిచెడ్డలన్నీ ఒక్క విషయంలో ఉన్నాయి: పైచట్రం కాళ్ల నెత్తిన కూర్చోవాలి. చాలామంది కాళ్లు నిలబెట్టి, అడ్డకర్రలను వాటి పక్కన స్క్రూలతో బిగిస్తారు. అప్పుడు నీళ్ల బరువంతా స్క్రూలకు వేలాడుతుంది. స్క్రూ వెంటనే తెగదు, కానీ దాని చుట్టూ ఉన్న కర్ర మెల్లగా నలిగి, అడ్డకర్ర ఒక మూల మి.మీ. చొప్పున దిగుతుంది. తొట్టికి అంతకంటే చెడు లేదు. చట్రం కాళ్ల మీదే ఆనితే బరువు తొట్టి నుంచి చట్రానికి, చట్రం నుంచి కాలికి, కాలి నుంచి నేలకు కర్ర గుండానే దిగుతుంది. స్క్రూలు ముక్కలు కదలకుండా పట్టుకుంటే చాలు. కాలి లోపలి వైపు ఒక సన్నటి నిలువు పట్టీ వేసి, దాన్ని పైచట్రానికీ కాలికీ రెండింటికీ బిగిస్తే కాలు జారే భయం ఉండదు.

రెండో సంగతి, అడ్డకర్రను ఏ వైపు పెట్టారన్నది. చిత్రిక పట్టిన 2×4 కర్ర నిజంగా 38×89 మి.మీ. మాత్రమే ఉండొచ్చు, కొనేటప్పుడు కొలిచి చూడండి. దాన్ని అంచు మీద, అంటే 89 మి.మీ. నిలువుగా ఉండేలా పెడితే, పడుకోబెట్టినదానికంటే అయిదు రెట్లకు పైగా తక్కువ కుంగుతుంది. మూడడుగుల తొట్టి లెక్క వేస్తే నిలువుగా పెట్టిన పైన్ పట్టె మధ్యలో అర మి.మీ. కుంగుతుంది. అదే కర్రను పడుకోబెడితే రెండున్నర మి.మీ. దాటుతుంది. ఒక్క పైసా తేడా లేకుండా ఇంత తేడా వస్తుంది. పైగా కర్ర మీద బరువు ఏళ్ల తరబడి ఉంటే మొదట కుంగినదానికి రెట్టింపు దాకా దిగిపోవచ్చు.

నాలుగడుగుల తొట్టికి అదే 2×4ను నిలువుగా పెట్టినా మధ్యలో రెండు మి.మీ. పైగా కుంగుతుంది, అది నాకు నచ్చదు. అక్కడ రెండు మార్గాలు. ముందూ వెనకా మధ్యలో ఒక్కో కాలు అదనంగా పెట్టడం చవక. ముందు కాలు అడ్డమొచ్చి లోపల పెద్ద సామాను పట్టకపోతే 140 మి.మీ. ఎత్తున్న కర్రను పైచట్రానికి వాడండి, కుంగుడు మళ్లీ అర మి.మీ. దగ్గరికి వస్తుంది. కుంగే గుణం కర్ర ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి లావు పెంచడం కంటే ఎత్తు పెంచడమే లాభం.

ప్లైవుడ్ పెట్టె

18 మి.మీ. ప్లైతో చేసే అల్మరా లాంటి పెట్టె ఇది: రెండు పక్కపలకలు, మధ్యలో ఒక అడ్డుపలక, పైన, కింద, వెనక పట్టీలు. కర్ర చట్రం కంటే చూడ్డానికి బావుంటుంది, చోటు తక్కువ తీసుకుంటుంది, వెనక పట్టీలు అంటించి బిగించాక ఒరగడం అన్న మాటే ఉండదు. సన్నటి పలక ఇంత బరువు మోస్తుందా అని అనుమానం వస్తుంది. నిలువు పలక మీద బరువు అంచు పొడవునా పడుతుంది కాబట్టి హాయిగా మోస్తుంది.

ఖర్చు విషయంలో దీన్ని గెలిపించేది ఒక్క షీటులో సరిపెట్టగలగడం. 2440×1220 మి.మీ. షీటును పొడవునా 470 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు కోయించండి, రంపం తినేది పోను 274 మి.మీ. పట్టీ ఇంకొకటి మిగులుతుంది. మొదటి పట్టీలో 92 సెం.మీ. ముక్కలు రెండు, పైపలకకూ అడుగుపలకకూ. ఇంకా 60 సెం.మీ. ముక్క ఉంటుంది, దాన్ని సన్నగా చీరితే ముందువైపు పైపలక కింద ఊతంగా పెట్టే పట్టీలు వస్తాయి. రెండో పట్టీలో 73 సెం.మీ. పక్కపలకలు రెండు, మధ్యపలక ఒకటి. సన్న పట్టీని రెండు 92 సెం.మీ. ముక్కలు చేస్తే వెనక పైన ఒకటి, కింద ఒకటి బిగించుకోవచ్చు. మధ్యలో మిగిలిన ఖాళీలోంచి పైపులు, వైర్లు వెళ్తాయి. తలుపులు లేని స్టాండుకు ఇంకో షీటు అక్కర్లేదు.

అయితే ఇక్కడ కోత తిన్నగా ఉండి తీరాలి. చేతిరంపంతో ఇంత పొడవు తిన్నగా కోయడం అలవాటు లేనివాళ్లకు కష్టం. షీటు అమ్మే చోటే మిషను మీద కోయించుకునే వీలుంటే ప్లై పెట్టె ఎంచుకోండి, లేకపోతే కర్ర చట్రమే మేలు. మిషను కోతకు ఇచ్చే డబ్బు వృథా కాదు. పైపలక కచ్చితంగా పక్కపలకల నెత్తిన కూర్చోవాలి, వాటి మధ్యలో ఇరికించకూడదు. కాళ్ల గురించి చెప్పిన కారణమే దీనికీ.

పాత సామాను, సిమెంటు దిమ్మెలు

పాత అల్మరాను గానీ సొరుగుల బల్లను గానీ స్టాండుగా మార్చడం అన్నిటికంటే చవక. కానీ ముందు అది దేంతో చేశారో చూడాలి. వెనకవైపు గానీ సొరుగు అడుగున గానీ రంగు వేయని అంచు కనిపిస్తుంది. అక్కడ పొట్టును నొక్కి అంటించినట్టు గింజలు గింజలుగా ఉంటే అది పార్టికల్ బోర్డు, వద్దు. పొరలు కనిపిస్తే ప్లై, పోగు కనిపిస్తే కర్ర. అప్పుడు ముందుకెళ్లొచ్చు. పైపలక కింద సరిగ్గా తొట్టి మూలలు వచ్చే చోట కాళ్లు గానీ నిలువు పలకలు గానీ ఉన్నాయా చూడండి. లేకపోతే లోపల నాలుగు కర్రముక్కలు నేల దాకా నిలబెట్టి, వెనక 6 మి.మీ. ప్లై పలక పూర్తిగా అంటించి మేకులు కొడితే రెండడుగుల తొట్టికి మంచి స్టాండు అవుతుంది. మూడడుగులకు ఈ దారి పట్టాలంటే ఆ సామాను నిజంగా గట్టి కర్రదై ఉండాలి.

దిమ్మెలు పేర్చి పైన మందపాటి పలకలు వేయడం రంపం పట్టడం ఇష్టం లేనివాళ్లకు. బరువు మోయడంలో దీనికి వంక పెట్టడానికి లేదు. ఎత్తు పెరిగేకొద్దీ మాత్రం దిమ్మె మీద దిమ్మె పక్కకు జరిగే ప్రమాదం పెరుగుతుంది. రెండు వరసల వరకు సరే. అంతకు మించి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో, నేను ఒప్పుకోను.

ఏ కర్ర

కొత్త పైన్ కర్ర చవగ్గా దొరికితే అదే తీసుకోండి. ముడులు తక్కువున్న కర్రను పైచట్రానికి, ఎక్కువున్నదాన్ని కాళ్లకు వాడండి. అడ్డంగా బరువు మోసే కర్ర కింది అంచులో ముడి ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. కర్ర ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూస్తే వంకర, మెలిక తెలిసిపోతాయి. కాస్త విల్లులా వంగినదాన్ని ఉబ్బు పైకి పెట్టి వాడుకోవచ్చని ఇంటి కప్పు పనుల్లో అంటారు. అక్వేరియానికి ఆ సలహా పనికిరాదు, పైభాగం మొదటి నుంచీ చదునుగా ఉండాలి. మెలిక తిరిగిన కర్రను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పచ్చి కర్ర ఇంకో మోసం. ఆరేకొద్దీ అది అడ్డంగా కుంచించుకుపోతుంది, స్క్రూలు వదులవుతాయి, చదునుగా చేసిన చట్రం మెలిక తిరుగుతుంది. అనుమానమొస్తే ఇంట్లో రెండు మూడు వారాలు గాలి తగిలేలా సన్నటి పుల్లల మీద పేర్చి ఉంచి ఆ తర్వాత కోయండి.

పాత ఇంటి వాసాలు, ద్వారబంధాలు దొరికితే అదృష్టమే. ఎన్నో ఏళ్లు ఆరిన చేవ కర్ర, ఇక కదలదు. తీసుకునే ముందు చెదలు, పురుగు రంధ్రాలు చూడండి. రంధ్రం దగ్గర తట్టినప్పుడు తాజాగా పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. పాత మేకులన్నీ పీకేశాకే రంపం పెట్టాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకండి.

సామాను కింద వచ్చే ప్యాలెట్లు ఊరికే దొరుకుతాయి కాబట్టి అందరి కన్నూ వాటి మీదే ఉంటుంది. దేశాల మధ్య తిరిగే ప్యాలెట్ మీద ముద్ర ఉంటుంది: 'హెచ్‌టీ' అంటే వేడితో శుద్ధి చేసినది, 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో చేసినది. రెండోది వదిలేయండి, రసాయనాల మరకలున్నదేదైనా వదిలేయండి. మంచి ప్యాలెట్ అయినా దాని పలకలు సన్నం, మేకులతో చీలినవి. తలుపులకు, పక్కల అందానికి వాడుకోండి. బరువు మోసే పనికి దాని కింద ఉండే మందపాటి దిమ్మె కర్రలు మాత్రమే, అవీ పగుళ్లు లేనివైతేనే.

ప్లైలో నీళ్లు తట్టుకునే జిగురుతో చేసినది తీసుకోండి. మామూలు రకానికీ దీనికీ ధరలో ఉండే తేడా, మొత్తం పనిలో నేను తప్పనిసరిగా పెట్టమనే ఖర్చుల్లో ఒకటి. నాజూకు పైపొరలకు, మెరుపు షీట్లకు మాత్రం డబ్బు పెట్టొద్దు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (కర్ర నారను జిగురుతో నొక్కి చేసిన పలక) పొడిగా ఉన్నంతకాలం మోస్తాయి. ఒక్కసారి అంచులోకి నీళ్లు దిగితే ఉబ్బుతాయి, ఆరినా మళ్లీ మునుపటి బలం రాదు. నీళ్లు మార్చేటప్పుడు ఒక్క చుక్క కూడా ఒలకని ఇల్లు ఉండదు కదా.

అతుకులు, పైభాగం

కర్ర పొడవు అంచులు రెండూ కలిసే చోట జిగురు బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. కోసిన కొన మీద మాత్రం సరిగా పట్టదు, పోగులు దాన్ని పీల్చేస్తాయి. స్క్రూ కూడా కొనలోకి నిలువుగా దిగితే పట్టు తక్కువ. అందుకే మూలల్లో లోపలివైపు చిన్న దిమ్మె ముక్క పెట్టి రెండు కర్రలనూ దానికి బిగించడం మంచి పద్ధతి. స్క్రూ వేసే ముందు సన్నటి రంధ్రం తప్పనిసరి, కొన దగ్గరైతే మరీను. ఉలి పట్టడం వచ్చినవాళ్లు రెండు కర్రల్లోనూ సగం సగం మందం తొలిచి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెడితే స్క్రూల ఖర్చు కూడా తగ్గుతుంది. జిగురు మాత్రం నీళ్లు తట్టుకునే రకమే కొనండి.

బిగించే ముందు చట్రం రెండు కర్ణాలూ కొలవండి. బయటి కొలత 90×45 ఉన్న చట్రానికి రెండూ 100.6 సెం.మీ. దగ్గర సమానంగా రావాలి. ఒకటి ఎక్కువుంటే ఆ మూలలను దగ్గరికి నొక్కండి, సమానమయ్యాక బిగించండి.

పైభాగం ఎలా ఉండాలన్నది తొట్టిని బట్టి మారుతుంది, ఇక్కడ చాలామంది తికమకపడతారు. కింద ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టిలో అడుగు అద్దం దేన్నీ ఆనకుండా కాస్త పైకి ఉంటుంది. బరువంతా అంచుల మీదే. దానికి అంచులు చదునుగా ఆనితే చాలు, ఫోము పెట్టకూడదు. మధ్యలో ఫోము ఉబ్బి అడుగు అద్దాన్ని పైకి నెట్టే ప్రమాదం ఉంది. చట్రం లేకుండా అద్దమే నేరుగా ఆనే తొట్టికి అడుగంతా ఆనేలా పూర్తి పలక కావాలి, దాని మీద పలుచటి ఫోము షీటు వేయాలి. ఇసుకరేణువంత గరుకును ఫోము సర్దుతుంది గానీ స్టాండు వంకరను సర్దదు. తిన్నటి పట్టీ ఒకటి నిలువుగా, అడ్డంగా, కర్ణాలుగా పైన ఆనించి వెలుతురు వైపు చూడండి. సందులోంచి వెలుగు కనిపించిన చోట ఎంత తేడా ఉందో అంచనా కట్టండి. మి.మీ. దాటితే చిత్రికతోనో సాండ్‌పేపర్‌తోనో ఎత్తున్న చోటు దించాలి.

తేమ

రంగు ఏదన్నది కంటే ఎక్కడ వేశారన్నది ముఖ్యం. కంటికి కనిపించే ముందువైపు మూడు పూతలు వేసి, కోసిన కొనలను, ప్లై అంచులను, పైపలక అడుగుభాగాన్ని వదిలేస్తారు. నీళ్లు చొచ్చుకుపోయేది సరిగ్గా అక్కడే. ముక్కలు బిగించకముందే కొనలకూ అంచులకూ రెండు పూతలు ఎక్కువ వేయండి. కాళ్ల అడుగు మరీ ముఖ్యం. నేల తుడిచిన ప్రతిసారీ కోసిన కొన ఆ తడిని పైకి పీల్చుకుంటుంది, కొన్నాళ్లకు కాలి అడుగున నల్లటి అంచు కనిపిస్తుంది. కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి నేల నుంచి కాస్త ఎత్తులో ఉంచితే ఆ గొడవ ఉండదు.

పాలియురేథేన్ వార్నిష్, ఎనామిల్ రంగు, రెండూ బాగానే పనిచేస్తాయి. చవగ్గా దొరికేది వాడండి. ఎపాక్సీ పూత అద్భుతంగా ఆపుతుంది గానీ ఈ బడ్జెట్‌లో ఉప్పునీటి తొట్టి ఉన్నవాళ్లకే అది న్యాయం. పూత వాసన పూర్తిగా పోయేదాకా అదే గదిలో చేపలుంటే జాగ్రత్త, ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి పంపుతుంది.

రెండడుగుల తొట్టికి గట్టి పాత సామాను ఉంటే దాన్ని బలపరచుకోండి. మూడడుగులకు కోయించుకునే వీలుంటే ప్లై పెట్టె, లేకపోతే కర్ర చట్రం. నాలుగడుగులకు మధ్యకాళ్లతో కర్ర చట్రం, అప్పుడు కూడా వెనక ప్లై పలక మానొద్దు. స్టాండు వెడల్పు 30 సెం.మీ. మాత్రమే ఉండి ఎత్తు దానికి రెట్టింపు దాటితే ఏ నమూనా అయినా గోడకు ఒక బ్రాకెట్‌తో కట్టండి.

తొట్టి పెట్టేముందు స్టాండు మీద రసమట్టం నాలుగు వైపులా ఆనించి, తేడా ఉంటే కాళ్ల కింద సన్నటి ముక్కలు దూర్చండి. తొట్టికీ స్టాండుకూ మధ్య ఎప్పుడూ ఏదీ దూర్చొద్దు. సగం దాకా నీళ్లు పోసి ఒక రోజు ఆగండి. నీటిమట్టం నుంచి తొట్టి పై అంచు దాకా నాలుగు మూలల్లోనూ కొలిస్తే ఒరుగు ఏ వైపో నీళ్లే చెప్తాయి. కొలతలు సమానంగా ఉండి, మూల నెడితే అతుకు దగ్గర సందు తెరుచుకోకపోతే మిగతా సగం పోయండి. తేడా కనిపిస్తే నిండు తొట్టిని ఎత్తే ప్రయత్నం చేయొద్దు. నీళ్లు తోడేసి, తొట్టి దించి, కాలి కింద సర్ది మళ్లీ మొదటి నుంచి నింపండి.